ఓక్‌పార్క్‌లో అద్దెకు దిగాక

షికాగోని ఆనుకునే ఉన్న ఓక్‌పార్క్‌లో ఇల్లు తీసుకున్నాం. పేరుమోసిన ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1889లో కట్టుకున్న ఇల్లు నడిచి వెళ్లేంత దూరం, గ్రీన్ లైన్ రైలెక్కితే నేరుగా సిటీలో దిగొచ్చు, ఇవన్నీ చూసి మురిసిపోయి సంతకం పెట్టేశాం. పాత ఇటుకల బిల్డింగు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. బియ్యం బస్తా మోస్తున్నప్పుడు రైట్ గారు అస్సలు గుర్తుకు రారు. గదిని వెచ్చబెట్టే రేడియేటర్ వేడి మన చేతిలో ఉండదు, అందుకే జనవరిలో బయట మంచు కురుస్తుంటే లోపల మేం కిటికీ తెరుచుకుని బనియన్లతో కూర్చున్నాం. అసలు టెన్షన్ కారుది. రాత్రిపూట పర్మిట్ లేకుండా వీధిలో పెట్టకూడదట, అద్దె గురించి నాలుగుసార్లు బేరమాడిన మేం ఇదొక్కటీ అడగలేదు. మొదటి వారంలోనే రెండు ఫైన్లు!

అన్నట్టు, ఒంటి రంగు చూసి ఇల్లు లేదనడం కుదరదని ఈ ఊరు 1968లోనే చట్టం చేసుకుంది. మా ఓనరు అడిగింది ఒక్కటే, పిల్లి ఉందా అని.