ఒక్క కిక్కుకే స్టార్టయ్యే బండి

"ఇంజను బ్రహ్మాండంగా ఉంది సార్, ఒక్క కిక్కుకే అందుకుంటాది" అన్నాను.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే, "ఇంజను సంగతి నేను అడగలేదు కదప్పా. వెనక ఎర్ర లైటు ఎన్నాళ్ళ నుంచి వెలగడం లేదో అది చెప్పు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నిజంగానే నాకు తెలియదు.

ఇది 2024 సెప్టెంబరు మాట. 2009 దసరాకు కొన్న నూరు సీసీ బండి నాది, ఏపీ 02 సిరీస్. పదిహేనేళ్ళకు రిజిస్ట్రేషను గడువు తీరుతుంది కాబట్టి సీ బుక్కు రెన్యువల్ చేయించుకోవడానికి అనంతపురంలో ఆర్టీవో ఆఫీసుకు తీసుకుపోయినాను. కాగితాల్లో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు అని రాసినా, మా వైపు ఆయన్ను ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టరు అనే అంటారు. ఆ పేరే సరైందని ఆ రోజు తెలిసింది.

నేను గోపాలమిత్రను. ఆవులకు, బర్రెలకు ఎద సూది, అంటే కృత్రిమ గర్భధారణ సూది, వేస్తాను. పొద్దున ఎదకు వచ్చిన ఆవుకు సాయంత్రం, సాయంత్రం ఎదకు వచ్చిన దానికి మరుసటి పొద్దున సూది పడాలి. ఆ పూట తప్పితే మళ్ళీ ఇరవై ఒక్క రోజులు ఆగాల్సిందే. ఆ ఇరవై ఒక్క రోజుల మేత, ఆ పాల నష్టం రైతు మీద పడుతుంది. అందుకే ఎవరైనా నన్ను బండి గురించి అడిగితే నేను చూసేది ఒకటే: ఫోను వచ్చిన క్షణం అది కదలాలి. వెనక సీటు మీద వీర్యం చెడకుండా ఉంచే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని డబ్బా తాళ్ళతో కట్టుకుని నార్పల దారిలో, శింగనమల దారిలో పదిహేనేళ్ళు తిరిగినాను. మీటరు కేబుల్ రెండుసార్లు తెగి కొన్ని నెలలు అట్లే ఉండిపోయింది కాబట్టి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లెక్క లేదు. ఇన్నేళ్ళలో ఇంజను ఒకే ఒక్కసారి విప్పించినాను. దారిలో నన్ను నిలబెట్టింది పంచర్లే తప్ప ఇంజను కాదు. మా పల్లెల్లో "బండి కండిషన్‌లో ఉంది" అంటే అర్థం ఇదే. నేనూ అదే అర్థంలో అన్నాను.

ఆయన చూసినవాటిలో ఒక్కటి కూడా ఇంజనుకు సంబంధించింది కాదు.

ముందు ఆ ఎర్ర లైటు. వెనక బ్రేకు పెడలు దగ్గర చిటికెన వేలంత స్విచ్చి ఒకటి ఉంటుంది. దానికీ పెడలుకూ మధ్య ఒక సన్న స్ప్రింగు. పెడలు తొక్కితే స్ప్రింగు లాగుతుంది, స్విచ్చి కలుస్తుంది, బ్రేకు లైటు వెలుగుతుంది. చక్రం పక్కనే ఉంటుంది కాబట్టి బురద, దుమ్ము అంతా దాని మీదే పడుతుంది. తుప్పు పట్టి స్ప్రింగు తెగితే చప్పుడు రాదు, బ్రేకు మామూలుగానే పడుతుంది. బండి మీద కూర్చున్నవాడికి తెలిసే దారే లేదు. రాత్రి పూట వెలిగే టెయిల్ లైటు వేరే, అది వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్ళకూ అనుమానం రాదు.

ఆర్టీవో ఆఫీసు ఆవరణలో నిలబడి ఉండగా నాకు రెండు నెలల కిందటి సంగతి గుర్తుకొచ్చింది. జూలైలో ఒక సాయంత్రం బుక్కరాయసముద్రం దాటినాక బర్రె అడ్డం వస్తే బ్రేకు తొక్కి నిలబెట్టినాను. వెనక టమాటా బాక్సులతో వస్తున్న బొలేరో ట్రాలీ నా నత్రజని డబ్బాకు జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు కిందికి దిగి "ఏమప్పా, చెప్పకుండా ఆపుతావా" అని అరిచినాడు. నేనూ ఊరుకోలేదు. "బర్రె కనపడలేదా, కండ్లు యాడ పెట్టుకున్నావు" అని మీదికి పోయినాను. దారిన పోయేవాళ్ళు విడదీసినారు. చిన్న పిల్లవాడు, ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు. ఆ పిల్లవాడు చెప్పింది అక్షరాలా నిజం. నేను చెప్పకుండానే ఆపినాను. చెప్పాల్సిన లైటు నా బండికి లేదు. ఆ పిల్లవాడు ఎవరో, ఏ ఊరో తెలియదు. కనపడితే క్షమించమని అడగాలని ఉంది. ఆ స్ప్రింగు కొత్తది ఇరవై రూపాయలు.

రెండోది హ్యాండిల్. ఇన్‌స్పెక్టరు బండిని సెంటర్ స్టాండు మీద వేయించి, వెనక సీటు మీద నన్ను కూర్చోమన్నాడు. ముందు చక్రం నేల విడిచింది. హ్యాండిల్ చివర రెండు వేళ్ళు పెట్టి మెల్లగా తిప్పినాడు. సరిగ్గా నడుమ, చక్రం నేరుగా ఉండేచోట, అది టక్కున ఆగింది. గట్టిగా తోస్తే దాటింది, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ అక్కడే ఆగింది. "నువ్వే పట్టుకుని చూడు" అన్నాడు. చూసినాను. పదిహేనేళ్ళు పట్టుకున్న హ్యాండిలే, కానీ ఆ ఆగడం నా చేతికి ఎన్నడూ తెలియలేదు.

దీన్ని మెకానిక్కులు కోన్ సెట్ పోయింది అంటారు. హ్యాండిల్ కాడ తిరిగే చోట పైనా కిందా గిన్నెల్లాంటి రేసులు, వాటిలో బాల్సు ఉంటాయి. మనం నడిపేది ఎక్కువగా నేరుగానే కదా. గుంతలో పడిన ప్రతిసారీ ఆ దెబ్బ బాల్సు మీద ఒకే చోట పడుతుంది. ఏళ్ళ తరబడి పడితే రేసులో సన్న సన్న గుంటలు పడి, బాల్సు వాటిలో కూర్చుంటాయి. అప్పుడు బండి తనంతట తాను నేరుగా పోదు. నెమ్మదిగా పోయేటప్పుడు అటూ ఇటూ ఊగుతుంది, మనకు తెలియకుండానే చేతులతో సర్దుకుంటూ ఉంటాం. నా బండి ఊగుతూనే ఉండేది. వెనక డబ్బా బరువు వల్ల అనుకున్నాను. ఒక్కరోజులో వచ్చిన లోపమైతే భయపడి ఉండేవాణ్ణి. ఇది రోజుకు ఇంత, ఇంత అని వచ్చింది, నేనూ దానితో పాటే అలవాటు పడిపోయినాను. కోన్ సెట్ మార్పించిన రోజు సాయంత్రం శింగనమల పోయి వచ్చినాను. డబ్బా అదే, దారి అదే, ఊగడం మాత్రం లేదు.

బ్రేకుల దగ్గర నాకు ఎక్కువ సిగ్గనిపించింది, ఎందుకంటే అక్కడ లోపం కళ్ళెదురుగా ఉంది. వెనక డ్రమ్ము బ్రేకుకు రాడ్డు చివర నట్టు ఉంటుంది కదా, బ్రేకు తగ్గినప్పుడల్లా దాన్ని రెండు చుట్లు బిగించడం మనందరికీ అలవాటు. బిగించి బిగించి నట్టు మర చివరికి వచ్చింది. అప్పుడు ఒక మెకానిక్కు డ్రమ్ము మీది ఆర్మును విప్పి, ఒక పల్లు వెనక్కి తిప్పి మళ్ళీ బిగించినాడు. నట్టుకు మళ్ళీ చోటు దొరికింది, బ్రేకు పడింది, నేను సంతోషంగా ఇంటికి వచ్చినాను. లోపల డ్రమ్మును ఒరుసుకుని ఆపే లైనర్లు మాత్రం అదే పలచన. చాలా బండ్లకు డ్రమ్ము పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. పెడలు పూర్తిగా తొక్కినప్పుడు ఆ బాణం ఎదురుగా ఉన్న గీతను చేరిందంటే లైనర్లు మార్చాలని అర్థం. నా బండికి అది గీతను దాటి పోయింది. ఆ బాణం ఎందుకు ఉందో ఇన్నేళ్ళలో నేను ఎవరినీ అడగలేదు. దయచేసి ఎవరికైనా మెకానిక్కు ఆర్ము తిప్పి బ్రేకు పట్టిస్తానంటే ఒప్పుకోవద్దు. కొత్త లైనర్లు వేయమని చెప్పండి. మరీ అరిగిన లైనర్లతో, వాటిని తోసే లోపలి క్యామ్ హద్దు దాటి తిరిగితే బ్రేకు పట్టేసి వదలకపోవచ్చు.

మిగతావి త్వరగా చెప్తాను. వెనక టైరు గుండు. టూవీలరుకు కనీసం 0.8 మిల్లీమీటర్ల గాడి ఉండాలని నిబంధన. టైరు పక్కన టీడబ్ల్యూఐ అని అక్షరాలుంటాయి, వాటికి నేరుగా గాడిలో చూస్తే చిన్న దిమ్మె కనపడుతుంది. టైరు ఆ దిమ్మెతో సమానమైతే దాని పని అయిపోయినట్టే. మా చెనక్కాయ చేన్ల గట్ల మీద కంప ముళ్ళు ఎట్లా ఉంటాయో తెలిసినవాళ్ళకు వేరే చెప్పాలా, టైరు పలచబడే కొద్దీ పంచర్లు పెరుగుతాయి. ఆ ఏడాది నేను పంచర్లకు పెట్టిన డబ్బుతో కొత్త టైరు వచ్చి ఉండేది. చాసిస్ నంబరు తుప్పు, గ్రీజు కింద కనపడలేదు. కిరసనాయిలు పోసి బ్రష్షుతో రుద్ది, నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీసేసరికి గంట పట్టింది. కుడి అద్దం లేదు. వేరేగా చేయించే పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడు మొదటిసారి 3.5 శాతం హద్దు దాటింది. ఎయిర్ ఫిల్టరు విప్పితే ఎర్రమట్టి దుమ్ము పొరలు పొరలుగా రాలింది. గాలి అందక పెట్రోలు ఎక్కువ తాగుతోందన్నమాట. ఫిల్టరు మార్చినాక పాసయింది, మైలేజీ కూడా పెరిగింది.

డబ్బా కట్టడానికి అడ్డమని చీర గార్డు ఎప్పుడో తీసేసినాను. ఇన్‌స్పెక్టరు అది లేనిదే సంతకం పెట్టనన్నాడు. ఆయన పట్టుదల నాకు నచ్చింది. వెనక కూర్చునేవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికైనా కాపు ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. ఆదివారాలు నా వెనక కూర్చునేది నా భార్యే.

రెండోసారి పోయినప్పుడు బండి పాసయింది. ఇంకో ఐదేళ్ళకు సంతకం పెట్టినారు.

ఆ ఐదేళ్ళు అన్న మాటే నన్ను వదల్లేదు. సొంత బండికి చట్టం మొదటిసారి చూసేది పదిహేనేళ్ళకు, తర్వాత ఐదేళ్ళకోసారి. ఆటోకు, లారీకి ఎనిమిదేళ్ళు దాటితే ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి. మరి ఊర్లలో పాలక్యాన్లు, ఎరువు మూటలు, ఇద్దరు పిల్లలు, భార్య అందరినీ మోసే మోటారు సైకిలుకు పదిహేనేళ్ళు ఎవరూ చూడరు. మా అక్క కొడుకు బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. ఫోన్లో చెప్పినాడు, అక్కడ బండికి మూడేళ్ళు నిండితే ఏటా ఎంవోటీ అనే పరీక్ష తప్పదంట. మోటారు సైకిలుకు 29.65 పౌండ్లకు మించి తీసుకోకూడదు. లోపాన్ని ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని విడదీసి రాస్తారు. పాసైనా సరే, ఫలానాది అరుగుతోంది, కనిపెట్టుకో అని సలహా కూడా రాసిస్తారు. బండి నంబరు కొడితే పాత పరీక్షల ఫలితాలు ఎవరైనా చూడవచ్చు. అక్కడ కూడా మోటారు సైకిళ్ళు ఎక్కువగా ఫెయిలయ్యేది లైట్ల దగ్గరే అని విన్నప్పుడు నాకు ఆ ఇరవై రూపాయల స్ప్రింగు గుర్తుకొచ్చింది.

మా దగ్గర ఆ పరీక్ష పెట్టేవాళ్ళు లేరు. కానీ మాకు ఆయుధ పూజ ఉంది. ఆ రోజు బండి కడగని ఇల్లు మా వీధిలో ఉండదు. పసుపు, కుంకుమ, చామంతి దండ, చక్రం కింద నిమ్మకాయ, దిష్టికి గుమ్మడికాయ. బండిని అంత దగ్గరగా, అంత ప్రేమగా తడిమేది ఏడాదిలో ఆ ఒక్కరోజే. అందుకని 2024 దసరా నుంచి పూజకు నాలుగు రోజుల ముందు పరీక్ష పెట్టుకున్నాను. పూజ నాటికి చేయిస్తే షాపులు దొరకవు.

నోటు పుస్తకంలో పేజీ తీసి మా పాప రాస్తుంది, నేను చూస్తాను. పాప వెనక నిలబడితే నేను బ్రేకు తొక్కుతాను, "వెలిగింది" అంటే ముందుకు పోతాం. ఇండికేటర్లు, హారను. సెంటర్ స్టాండు మీద హ్యాండిల్ రెండు వేళ్ళతో. ముందు ఫోర్కు గొట్టాల మీద నూనె తడి ఉందా అని గుడ్డతో తుడిచి చూడడం. వెనక చక్రం పట్టుకుని అటూ ఇటూ లాగి, ఆ చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్ము బుష్షులు, బేరింగులు. బాణం గుర్తు. చైను కవరు మూత తీసి వేలుతో ఎత్తి చూడడం, రెండు మూడు సెంటీమీటర్లకు మించి ఆడకూడదు. ఇదంతా అరగంట పని.

మొదటి ఏడాది పక్కింటి చిన్నాయన తన బండి కూడా చూడమన్నాడు. ఆయన బండి చూసినానని ఎదురింటివాళ్ళు, వాళ్ళను చూసి వీధి చివరి టైలరు. మొత్తం పదకొండు బండ్లు. నాలుగింటికి బ్రేకు లైటు వెలగలేదు. ఆ నలుగురిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. అందరూ మాత్రం నాతో ముందుగా అన్న మాట ఒకటే, "ఒక్క కిక్కుకే స్టార్టవుతాది."

ఈ ఏడాది నా పేజీలో రాసింది ఇది. లైట్లు సరే. హ్యాండిల్ సరే. బాణం గీతకు ఇంకా దూరంగా ఉంది. వెనక చక్రం బేరింగు కొంచెం ఆడుతోంది, దారాలతో చుట్టిన చీర గార్డు క్లిప్పు ఒకటి విరిగింది. శనివారం పొద్దున సూది పనులు లేకపోతే రెండూ మార్పించుకు వస్తాను.