రూట్ 2ని పట్టించిన చివరి అంకె

తొమ్మిదో తరగతికి వాస్తవ సంఖ్యల పాఠం మొదలుపెట్టిన ప్రతి ఏడాదీ మొదటి రెండు రోజులు పేర్ల దగ్గరే గడిచిపోతాయి. అకరణీయ సంఖ్య అంటే రేషనల్, కరణీయ సంఖ్య అంటే ఇర్రేషనల్. ఇంగ్లీషులో "కాదు" అని చెప్పే ముక్క ఇర్రేషనల్‌కి తగిలించి ఉంటుంది, తెలుగులో "అ" వచ్చి రేషనల్ ముందు కూర్చుంది. ఇప్పుడు పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు కాబట్టి పిల్లలు రెండూ పక్కపక్కనే చదువుతారు, పరీక్షలో తిరగేసి రాస్తారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మనమే చెప్పడం లేదు.

అందుకే నేను పేరుతోనే మొదలుపెడుతున్నాను. యజ్ఞవేదికలు కట్టడానికి తాడుతో కొలతలు వేసే పద్ధతులు చెప్పిన శుల్బ సూత్రాల్లో ద్వికరణి అనే మాట ఉంది. ఒక చతురస్రానికి రెట్టింపు వైశాల్యం ఉన్న చతురస్రం కావాలంటే భుజం ఎంత తీసుకోవాలో, ఆ పొడవు ద్వికరణి. అంటే మొదటి చతురస్రం కర్ణమే, మన రూట్ 2. కరణితో, అంటే వర్గమూలంతో, పని లేకుండా మామూలు భిన్నంగా రాసేయగలిగితే అది అకరణీయం అని చెబుతాను. పై (π) విషయంలో ఈ పేరు సరిగ్గా అతకదు, అది ఏ భిన్నానికీ వర్గమూలం కాదు, అయినా కరణీయాల్లోనే వేశాం. ఆ మాట కూడా పిల్లలకు చెప్పేస్తాను. రూట్ గుర్తు ఉన్నదల్లా కరణీయం కాదని చెప్పడానికి రూట్ 9 ఒక్కటి చాలు.

చాలా ఏళ్లు నేను చెప్పిన ఒక మాట మాత్రం తప్పు. "కాలిక్యులేటర్‌లో వేసి చూడండి, అంకెలు తిరిగి రాకుండా పోతూ ఉంటే అది కరణీయం" అనేదాన్ని. ఒకసారి ఒక అమ్మాయి వాళ్ల నాన్న ఫోన్‌లో 1ని 17తో భాగించి, వచ్చింది నోట్‌బుక్‌లో రాసుకొచ్చింది. 0.0588235294. "టీచర్, ఇందులో ఏదీ తిరిగి రాలేదు, మరి ఇది భిన్నమే కదా?" అని అడిగింది. ఆ రోజు క్లాసులో మిగతా పాఠం ఆపేసి బోర్డు మీద చేత్తో భాగహారం చేశాం. పదహారు అంకెల దాకా వెళ్లాక, 0588235294117647 అయ్యాక, మళ్లీ 0588 మొదలైంది. ఫోన్ తెర పది అంకెల దగ్గర ఆగింది కాబట్టి మనకు కనబడలేదు, అంతే.

అప్పటి నుంచి కాలిక్యులేటర్ పక్కన పెట్టించి 1ని 7తో భాగించమంటాను, కానీ భాగఫలం మీద కాదు, శేషాల మీద కన్నేయమంటాను. 1, 3, 2, 6, 4, 5, మళ్లీ 1. 7తో భాగిస్తే సున్నా కాని శేషం 1 నుంచి 6 దాకా ఏదో ఒకటే రావాలి, ఏడోది రావడానికి చోటే లేదు, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు పాత శేషం తిరిగి రాక తప్పదు, అది వచ్చిందంటే అక్కడి నుంచి అంతా మొదటికే. ఏ భిన్నమైనా ఆగిపోవాలి లేదా ఆవర్తనం కావాలి అని పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉన్న సంగతికి కారణం ఇదే. కాకపోతే 0.101001000100001 ఇలా సున్నాలు పెంచుకుంటూ పోయేదాన్ని "ఒక క్రమం ఉంది కదా టీచర్" అని అకరణీయంలో వేస్తారు. క్రమం ఉండటం వేరు, అదే ముక్క మళ్లీ మళ్లీ రావడం వేరు. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి.

పై (π) గొడవ మీకూ తెలిసే ఉంటుంది. కింది తరగతుల్లో పై అంటే 22/7 అని లెక్కలు చేయించి, తొమ్మిదిలోకి వచ్చాక అది కరణీయం అంటాం. 22/7 భిన్నం కాదా అని పిల్లలు నిలదీస్తే సమాధానం మన దగ్గర ఉండాలి. ఆర్యభటుడు 499లోనే 20000 వ్యాసం ఉన్న వృత్తానికి చుట్టుకొలత 62832 అని చెబుతూ, అది "ఆసన్నం" అన్నాడు, అంటే దగ్గరి విలువ. ఆ ఒక్క మాట మనం ఆరో తరగతిలోనే 22/7 పక్కన చేర్చి ఉంటే సగం గందరగోళం తప్పేది. పై నిజంగా భిన్నం కాదని లాంబర్ట్ నిరూపించింది 1761లో. ఆ నిరూపణ బడిలో చెప్పలేం. రూట్ 2ది చెప్పగలం, అందుకే నా టైమంతా దాని మీద పెడతాను.

ఒక్కొక్కరికి రెండేసి ఏ4 జిరాక్స్ పేపర్లు ఇస్తాను. ఒకదాని మూల పట్టుకుని పొట్టి అంచు పొడుగు అంచు మీదకి వచ్చేలా మడవాలి. పడిన మడత 210 మిల్లీమీటర్ల చతురస్రానికి కర్ణం. రెండో పేపర్ పొడుగు అంచు ఆ మడత మీద పెడితే కచ్చితంగా సరిపోతుంది. పేపర్ పొడవు 297, వెడల్పు 210. అయితే రూట్ 2 అంటే 297/210 అన్నమాట, అంటే 99/70! క్లాసంతా సంబరపడుతుంది. సరే, వర్గం చేయండి అంటాను. 99 వర్గం 9801. 70 వర్గానికి రెట్టింపు 9800. ఒక్కటి తేడా. మడత దగ్గర ఆ తేడా మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా లేదు, ఏ స్కేలు పెట్టినా దొరకదు.

ఇంకా మంచి భిన్నం ఉందేమో చూద్దాం అని బౌధాయన శుల్బ సూత్రంలోది బోర్డు మీద వేస్తాను. ఒకటికి మూడో వంతు కలపాలి, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలపాలి, ఈ చివర కలిపినదానిలో 34వ వంతు తీసేయాలి. లెక్క కడితే 577/408. 577 వర్గం 332929. 408 వర్గానికి రెట్టింపు 332928. మళ్లీ ఒక్కటే తేడా. అప్పుడు వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "ఇంకా పెద్ద అంకెలు తీసుకుంటే కలుస్తుందేమో" అంటారు. ఆ మాట కోసమే నేను ఎదురుచూస్తాను. ఆ అనుమానం పుట్టకముందే నిరూపణ చెబితే అది బట్టీ పట్టే పది లైన్లుగా మిగిలిపోతుంది, పదో తరగతిలో చాలామందికి జరిగేది అదే. p, q అంటారు, విరోధాభాసం అంటారు, దేనికి విరోధమో చెప్పలేరు.

నేను చెప్పేది చివరి అంకెలతో. ఏ సంఖ్య వర్గమైనా 0, 1, 4, 5, 6, 9 లలో ఒకదానితోనే ముగుస్తుంది. పిల్లలే పది వర్గాలు రాసి చూసుకుంటారు. వర్గానికి రెట్టింపు చేస్తే చివర 0, 2, 8 మాత్రమే వస్తాయి. రెండు జాబితాల్లోనూ ఉన్నది సున్నా ఒక్కటే. అంటే, కొట్టేయగలిగినంతా కొట్టేసిన భిన్నం తీసుకుని, దాని లవం వర్గం, హారం వర్గానికి రెట్టింపు ఎప్పుడైనా కలిస్తే, రెండూ సున్నాతోనే ముగియాలి. అప్పుడు లవం చివర 0, హారం చివర 0 గానీ 5 గానీ. రెండింటినీ 5తో కొట్టేయొచ్చు. కానీ ఇక కొట్టేయడానికి వీల్లేనంత చిన్న భిన్నంతోనే మొదలుపెట్టాం కదా! 9801, 9800 ఎందుకు కలవలేదో, 332929, 332928 ఎందుకు కలవలేదో, ఎన్ని కోట్ల దాకా వెళ్లినా ఎందుకు కలవవో ఒక్కసారే తెలిసిపోతుంది. ఆ క్షణంలో క్లాసు నిశ్శబ్దమైపోతుంది, ఆ నిశ్శబ్దం నాకు చాలా ఇష్టం.

ఇంటికి రూట్ 3, రూట్ 7 ఇస్తాను. వాటిలో ఉమ్మడిగా 0, 5 మిగులుతాయి, మళ్లీ 5తోనే పని అయిపోతుంది. ఈసారి ఒక అబ్బాయి తనంతట తాను రూట్ 6 చేసుకొచ్చాడు. 0, 4, 6 మూడూ కలుస్తున్నాయి టీచర్, అయితే రూట్ 6 భిన్నమా అని అడిగాడు. రూట్ 4కి కూడా అదే చెయ్యమన్నాను. దానికీ 0, 4, 6 కలిశాయి, అదైతే 2 అని వాడికి తెలుసు. "అయితే కలిసినంత మాత్రాన ఏమీ తేలదన్నమాట" అన్నాడు. చివరి అంకె అంటే 10తో భాగిస్తే వచ్చే శేషమే కదా నాన్నా, 10కి బదులు 3తో భాగించి చూడు అని పంపాను. మర్నాడు ప్రార్థనకి ముందే స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నోట్‌బుక్ తెరిచి నిలబడి ఉన్నాడు.