గలీబు మీద తిరగబడిన ‘అమ్మమ్మ’

మిన్నెసోటాలో పుట్టి పెరిగిన మా పదకొండేళ్ల అమ్మాయి తెలుగు బాగానే మాట్లాడుతుంది కాని, చదవడం రాదు. ఆదివారం తెలుగు తరగతి ఈత తరగతి వేళకే పడుతోందని మొదటిదాన్ని మాన్పించింది నేనే. కిందటి వేసవిలో నల్లగొండ వెళ్లినప్పుడు దిండు గలీబు మీద ‘అమ్మమ్మ’ అని కుట్టాలని దానికి బుద్ధి పుట్టింది. ఫోనులో అక్షరాలను పెద్దవి చేసి బటర్ పేపరు మీద దించుకుంది. వాటిని మేము వెంట తెచ్చుకున్న ట్రాన్స్‌ఫర్ పెన్సిలుతో దిద్ది, కాగితాన్ని గుడ్డ మీద బోర్లించి ఇస్త్రీ చేసింది.

అచ్చు నిండుగా పడింది, కాని తిరగబడింది. ఈ పద్ధతిలో కుడి ఎడమవుతుంది కనుక కాగితాన్ని ముందే తిప్పి, వెనక నుంచి గీయాలి. పువ్వు ఎటు తిరిగినా పువ్వే. అక్షరం అలా ఊరుకోదు. తెలుగు అక్షరాలు దానికి అప్పటికింకా బొమ్మలే గనుక తేడా కనిపించలేదు. మా అమ్మ గలీబు చేతిలోకి తీసుకుని, ‘ఇది అద్దంల చూసి సదవాలె బిడ్డా’ అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ పెన్సిలు గీత ఉతికినా పోదు.

అమ్మకు తెలిసిన పద్ధతిలో కాగితాన్ని తిప్పే పనే లేదు. కొత్త నూలు గుడ్డను ఉతికి గంజి పోగొడుతుంది. బటర్ పేపరు మీద గీసిన పువ్వులను మడిచిన దుప్పటి మీద పరిచి, సూదిని నిట్టనిలువుగా పట్టుకుని గీత పొడుగునా దగ్గరదగ్గరగా చిల్లులు పొడుస్తుంది. కాగితాన్ని గుడ్డ మీద కదలకుండా అమర్చి, గ్యాసునూనెలో కలిపిన నీలిమందును దూదితో అద్దితే చిల్లుల్లోంచి చుక్కలు దిగుతాయి. నూనె ఆరిపోతుంది, చుక్కలు మిగులుతాయి. ఒకసారి పొడిచిన కాగితం ఎన్ని గుడ్డలకైనా పనికొస్తుంది. అమ్మ పెట్టెలో నా చిన్ననాటి నెమలి ఇంకా ఉంది. గ్యాసునూనె అంటే కిరోసినని మా అమ్మాయికి విడమరచి చెప్పవలసి వచ్చింది, అది వంటగ్యాసు అనుకుని గాభరాపడింది మరి.

ఆ వారమే పోచంపల్లి వెళ్లాము. 2016లో జిల్లాలు విడదీశాక అది యాదాద్రి భువనగిరిలోకి వెళ్లింది గాని, మా అమ్మ నోట ఇప్పటికీ నల్లగొండ పోచంపల్లే. అక్కడ అచ్చు గుడ్డ మీద పడదు. నేయకముందే నూలును లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు, కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. రంగు నూలులోనే ఉంటుంది గనుక చీర రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. మా అమ్మాయి చీర కొంగును పదేపదే తిప్పి చూసి, దీని మీద అక్షరాలు నేస్తే వెనక నుంచి ఎలా కనిపిస్తాయని అడిగింది. తిరగబడే కనిపిస్తాయన్నాను. దాని ముఖం వెలిగింది.

ఇంటికొచ్చి రెండు కొత్త గలీబులు మొదలుపెట్టింది. పువ్వులు అమ్మ చిల్లుల కాగితంతో అద్దుకుంది. అక్షరాలు మాత్రం వేడికి మాయమయ్యే పెన్నుతో, అమ్మ పలక మీద రాసిచ్చింది చూసి, స్వయంగా రాసింది. గొలుసు కుట్టు ఇద్దరూ కలిసి కుట్టారు. ఇస్త్రీ చేయగానే గీతలు పోయాయి. ఒక గలీబు నల్లగొండలో ఉంది, రెండోది మాతో వచ్చింది.

ఆ సిరా పోయినట్టే పోయి, గట్టి చలిలో మళ్లీ తేలుతుంది. జనవరిలో ఒక రాత్రి గలీబున్న సంచి కారులో ఉండిపోయింది. పొద్దున తీసి చూస్తే కుట్టు పక్కన గీతలన్నీ లేచి ఉన్నాయి. చివరి ‘మ’ దగ్గర మా అమ్మాయి రాసింది ‘య’. అమ్మ పల్లెత్తు మాట అనకుండా గీతను వదిలేసి, పక్కనుంచి ‘మ’ కుట్టింది. ఇస్త్రీ పెట్టె వేడి చేయబోతే మా అమ్మాయి ఆగమంది. ‘య’ మీద వేలు పెట్టి ఫొటో తీసి అమ్మమ్మకు పంపింది.