దివ్వెపందెం: ఆట ఎంతవరకు వచ్చిందంటే

‘ఏడుమడుగులు’ అని నేను కల్పించుకున్న ఊరికి పటాలు, రాజవంశాలు, నాణేల పేర్లు ఎప్పుడో అయిపోయాయి. సాయంత్రమైతే జనం గుంపులుగా వెళ్ళి చూసే ఆట ఒకటి లేక వెలితిగా ఉండేది. ఇప్పుడు దానికి రూపం వచ్చింది.

నడుముల్లోతు నీళ్ళున్న మడుగు. జట్టుకి ఏడుగురు. ఒక్కొక్కరి చేతిలో ఆరడుగుల వెదురు, దాని కొసన వెలిగే ప్రమిద. చీకటి పడే వేళ రెండు జట్లూ ఎదురెదురు గట్ల నుంచి దిగుతాయి. దీపం ఆరకుండా అవతలి గట్టు చేరి, అక్కడి రాతిస్తంభం మీద పెట్టాలి. ఎదుటివాళ్ళు అరచేత్తో నీళ్ళు చిమ్మి ఆర్పొచ్చు గానీ మనిషిని, వెదురుని ముట్టుకోకూడదు. ఏడుమడుగుల్లో ప్రతి వీధికీ తరాలుగా ఆరని సొంత నిప్పు ఉంటుంది. ఓడిన వీధి ఆ ఏడాదంతా గెలిచిన వీధి నిప్పుతోనే పొయ్యి వెలిగించుకోవాలి. పందెం అంటే ఇదే.

మొదట ప్రమిద అరచేతిలోనే ఉండేది. దాన్ని పైకెక్కించింది మా విజయనగరం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం. మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట దాకా సిరిమాను, అంటే పైకి లేపి కట్టిన పొడవాటి చెట్టుమాను, మూడుసార్లు తిరుగుతుంది. ఆ జనంలో ఎంత వెనక నిలబడినా మాను కొసన కూర్చున్న పూజారి గారు కనిపిస్తారు. అమ్మవారి సంబరాన్ని ఆటలోకి లాగడం నాకు ఇష్టం లేదు, అలాంటిదేమీ పెట్టలేదు. ఎత్తు సంగతి ఒక్కటే తీసుకున్నాను. చూసే ఆటని చివరి వరుసలో కూర్చుని తయారుచెయ్యాలి, ఆడేవాడి పక్కన నిలబడి కాదు. నియమం ఏది రాసినా ఇప్పుడు ముందు అదే అడుగుతున్నాను: వెనకున్న ముసలమ్మకి ఇది తెలుస్తుందా?

రోమన్ల రథాల పందెంలో ఏడు చుట్లు ఉండేవి. ఎన్ని పూర్తయ్యాయో జనానికి తెలియాలని నడిమి గోడ మీద గుడ్ల ఆకారాలు, డాల్ఫిన్ బొమ్మలు పెట్టేవారు. నా ఆటకి అదీ అక్కర్లేదు. స్తంభాల మీద వెలిగేవే స్కోరు. టైముకి మన పాత గడియ తీసుకున్నాను, అంటే 24 నిమిషాలు. చిల్లు గిన్నె నీళ్ళలో మునగగానే జేగంట కొడతారు, ఆట అయిపోతుంది.

చార్టు మీద ఒక గడికి ఒక అడుగు లెక్కన గళ్ళు గీసి, చొక్కా గుండీలు, పాచికలతో ఆడి చూశాను. ఎత్తుగడలు తెలిశాయి గానీ మంట సంగతి కాగితం మీద తేలదు. అందుకని మేడ మీద బకెట్టు నీళ్ళు, చీపురు కర్రకి కట్టిన ప్రమిద, మా అక్క పిల్లలు. మూడడుగుల దూరం నుంచి చిమ్మితే నీళ్ళు మంట దాకా దాదాపు వెళ్ళవు. దగ్గరికి రావాల్సిందే. ఒంటిపోగు వత్తి రెండు చుక్కలకే ఆరిపోయింది. రెండు పోగులు పేనిన వత్తి మీద చుక్క పడితే చిటపటమంటుంది, మంట నీలంగా ఆవగింజంత అయిపోతుంది, ఒక్క క్షణం ఆగి మళ్ళీ లేస్తుంది. ఆ క్షణంలో పిల్లలిద్దరూ ఊపిరి బిగబట్టారు. నాకు కావాల్సిన టెన్షన్ అదే! వత్తి రెండు పోగులని అప్పుడే ఖాయం చేసేశాను.

నూనె కొలత ఇంకా ముఖ్యం. చెంచాడు పోస్తే గడియ దాటినా వెలుగుతోంది, అప్పుడు ఎవరికీ తొందర ఉండదు. కబడ్డీలో వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై కదా, పాయింటు తేకపోతే అవుటే, ఆ ఒత్తిడి ఇక్కడ నూనె నుంచే రావాలి. పావు చెంచాకి తగ్గించాను. ఇక గట్టు దగ్గరే కాచుకుని కూర్చున్నవాడి దీపం దానంతటదే కొండెక్కుతుంది.

మేనకోడలు ఒక మాట అంది: “మావయ్యా, దీపం ఆరిపోయినోళ్ళు ఊరికే నిలబడిపోతే ఏం బాగుంటాది?” అందుకే ఆరిన దీపాన్ని సొంత జట్టువాడి మంట నుంచి వెలిగించుకోవచ్చని రాశాను. రెండు వెదుళ్ళ కొసలు నడిమడుగులో కలవాలి, అంతసేపూ ఇద్దరూ కదలకూడదు. ఎదుటి జట్టుకి ఇంతకన్నా మంచి అదను దొరకదు. గుండీలతో ఆడినప్పుడు కూడా ఆట మలుపులు ఎక్కువగా ఇక్కడే వస్తున్నాయి.

ఇప్పుడు గాలి పని పట్టాలి. ప్రమిదకి ఒకవైపు అడ్డు పెట్టుకోనివ్వాలని ఉంది. గాలి ఒకవైపు, నీళ్ళు ఇంకోవైపు వస్తే అడ్డు ఎటు తిప్పాలో ఆటగాడే తేల్చుకోవాలి. కొబ్బరి చిప్ప బాగానే ఆపింది గానీ ఆ వైపు కూర్చున్నవాళ్ళకి మంట కనిపించదు, కాబట్టి అది పనికిరాదు. ఏడుమడుగుల కొండల్లో అభ్రకం గనులు ముందే ఉన్నాయి, పల్చటి అభ్రకం రేకైతే వెలుగు కనిపిస్తుంది. ఆదివారం పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ముక్క తగిలించి, ఎంత వెడల్పు చాలుతుందో చూస్తాను. మంటకి మరీ దగ్గరైతే కరిగిపోతుంది, నాలుగు వేళ్ళ ఎడం ఉంచాలి.