ఉప్పు లేని కూర, ‘మనం’ అనే మాట

ఈ రోజు ఆదివారం. ఉదయం బట్టలు ఆరవేస్తుండగా పక్కింటి ఎల్డర్ గోడ మీదుగా ఒక కట్ట ‘కలలూ’ ఆకు అందించి, మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నారు. రస్తఫారి మతమార్గంలో నడిచే ‘రాస్తా’లు తమ పెద్దలను ఎల్డర్ అంటారు. నేను జమైకా రాజధాని కింగ్‌స్టన్‌కు వచ్చిన కొత్తలో ఆ ఆకును చూసి ఇది మా తోటకూరే అన్నప్పటి నుంచి మా మధ్య స్నేహం మొదలైంది.

ఆయన వండేది రాస్తాల పద్ధతిలోని ఐటల్ భోజనం. అందులో మాంసం ఉండదు, ఉప్పు వేయరు. గుమ్మడికాయ ముక్కలు కొబ్బరిపాలలో ఉడుకుతుండగా, పైన ఒక స్కాచ్ బానెట్ మిరపకాయను తొడిమతో సహా తేలవిడిచి, అది చిట్లకుండా గరిటెను గిన్నె అంచు వెంబడే తిప్పుతూ కూర్చున్నారు. కాయ చిట్లితే కారమంతా కూరలోకి దిగుతుందట. చిట్లకపోతే సువాసన మాత్రమే దిగుతుంది. ఉప్పు లేని లోటు నాకు చివరి ముద్ద దాకా తెలుస్తూనే ఉంది, అయినా మారు వడ్డించుకున్నాను.

హైలే సెలాసీని దేవుడని నమ్ముతారా అని ఇన్నాళ్లకు ఈ రోజు అడిగాను. “నమ్మడం కాదు డాటర్, తెలుసు” అన్నారు. రస్ తఫారి 1930 నవంబరు 2న హైలే సెలాసీ పేరుతో ఇథియోపియా చక్రవర్తిగా పట్టాభిషిక్తుడయ్యాడు. ఆయన పాత పేరే ఈ మార్గానికి పేరైంది. ఎల్డర్ ఈ మార్గంలోని న్యాబింగి, బోబో అశాంతి, ట్వెల్వ్ ట్రైబ్స్ శాఖల్లో దేనికీ చెందరు గాని, 1966లో చక్రవర్తి జమైకా నేల మీద అడుగుపెట్టిన ఏప్రిల్ 21న మాత్రం న్యాబింగి వాళ్లు డోళ్లు వాయించే ప్రార్థనకు తప్పక వెళతారు. అదే ఇంట్లో ఉండే ఆయన కూతురు, రాస్తాలు కత్తిరించకుండా పెంచే జడలను తీయించుకుంది. ఆమెకు సెలాసీ దేవుడు కాడు, నల్లజాతి తలెత్తుకునేలా చేసిన రాజు. అయినా తానూ ‘రాస్తా’నే అంటుంది, ఐటల్ తప్ప ముట్టదు. ఎవరి లివిటీ, అంటే ఎవరి బతుకు తీరు, వారిదని తండ్రి ఆమెతో వాదానికి దిగరు.

జడల విషయంలో మాత్రం ఆయన గొంతు మారింది. 1963 ఏప్రిల్‌లో కోరల్ గార్డెన్స్‌లో పోలీసులతో జరిగిన ఘర్షణ తరువాత రాస్తాలను ఎక్కడికక్కడ పట్టుకుపోయినప్పుడు, వాళ్ల నాన్న జడలను లాకప్‌లో కత్తిరించారట. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2017లో. ఆ మాట వినడానికి తండ్రి లేడు. తల మీద కత్తి పడనీయని నాజీరు మొక్కుబడి బైబిలులోని సంఖ్యాకాండంలో ఉందని ఆయన చెబుతుంటే, తిరుమలలో తలనీలాలిచ్చి వచ్చి మొక్కుబడి తీరిందని తేలికపడిన మా అమ్మ గుర్తుకు వచ్చింది. జుట్టు ఇవ్వడమైనా దాచడమైనా దేవుడికిచ్చిన మాటే కదా; ఆ మాటను బలవంతంగా కత్తిరించడం ఎంత ఘోరమో నాకు అప్పుడు అర్థమైంది.

వచ్చేటప్పుడు గేటు దగ్గర, “వచ్చే ఆదివారం ఐ అండ్ ఐ మళ్లీ తిందాం” అన్నారు. చెప్పేవారిలోనూ వినేవారిలోనూ ఉన్న ‘జా’, అంటే దేవుడు, ఒక్కడే గనుక రాస్తాలు ‘నువ్వు’, ‘నేను’ అని విడదీయరు. ఇంగ్లీషులో వాళ్లు కొత్తగా కల్పించుకోవలసి వచ్చిన ఆ మాటకు దగ్గరి మాట మనకు పుట్టుకతోనే ఉంది. ‘మేము’ అంటే ఎదుటివారు బయట నిలబడతారు. ‘మనం’ అంటే లోపలికి వస్తారు.

రాత్రి తొమ్మిదింటికి, అక్కడ తెల్లవారి కాఫీ తాగుతున్న అమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆమె కాసేపు ఆగి, “ఆయన చెప్పిన మనంలో నేను కూడా ఉన్నట్టేనా?” అని అడిగింది. ఉన్నావమ్మా అన్నాను.