డ్యూటీ చార్టు ఎవరి చేతిలో ఉంది?

రెండేళ్ల కిందట చెరువుగట్టు జాతర బందోబస్తు ముగించుకొని, పోలీసు శాఖలో పనిచేసే మా పిన్ని కూతురు నేరుగా నల్లగొండలోని మా ఇంటికి వచ్చింది. బూట్లు కూడా విప్పకుండా గడప మీద కూర్చుని, "అక్కా, సారు మళ్లా నాకే నైట్ డ్యూటీ ఏసిండు" అన్నది. స్టేషన్ పేరు ఇక్కడ రాయను. పై అధికారి వేళగాని వేళ ఫోన్లు చేయడం, ఎత్తకపోతే వరుసగా రాత్రి డ్యూటీలు వేయడం, సెలవు అడిగితే మెమో ఇస్తానని బెదిరించడం కొన్ని నెలలుగా నడుస్తున్నాయట. 2014లో హైదరాబాదులో మొదలై జిల్లాలకు విస్తరించిన షీ టీమ్స్ (ఆడవారిని వేధించేవారిపై నిఘా పెట్టే పోలీసు బృందాలు) తరఫున ఆమే కాలేజీలకు వెళ్లి, వేధిస్తే 100కు ఫోన్ చేయమని ఆడపిల్లలకు చెప్పి వచ్చేది.

న్యాయవాదిగా నాకు, పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం తెలుసు. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఇలాంటి ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీ ఉండాలి, దానికి పైస్థాయి మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు కావాలి, ఒకరు బయటివారై ఉండాలి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలే అయినా, వేధింపు వరుసగా జరిగినప్పుడు చివరి ఘటన నుంచి లెక్కిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

అయితే పోలీసు శాఖలో అసలు భయం విచారణ గురించి కాదు, అది ముగిసేదాకా రోల్‌కాల్‌లో ఎవరి ముందు నిలబడాలన్నదాని గురించి. సెలవు, బందోబస్తు, సెంట్రీ, రిమార్కు అన్నీ ఒకే చేతి రాతలైనప్పుడు ఫిర్యాదు కాగితానికి బలమెక్కడిది? ఈ చిక్కుకు చట్టంలోనే దారి ఉంది, కానీ దాన్ని అడిగేవారు తక్కువ. బాధితురాలు రాతపూర్వకంగా కోరితే, విచారణ నడుస్తుండగానే ఆమెను గానీ అతణ్ణి గానీ బదిలీ చేయాలనీ, ఆమెకు మూడు నెలల వరకు అదనపు సెలవు ఇవ్వాలనీ కమిటీ సిఫారసు చేయవచ్చు. ఆమె పనితీరు మీద అతడు నివేదిక రాయకుండా ఆ పనిని వేరొక అధికారికి అప్పగించాలనీ చెప్పవచ్చు. ఆచరణలో మాత్రం అటాచ్‌మెంట్ (తాత్కాలికంగా వేరే చోటికి పంపడం) పేరుతో ఆమెనే కదిలిస్తారు. అందరూ దాన్ని సాయమనుకుంటారు, నేను అనుకోను.

అందుకే మా చెల్లి దరఖాస్తులో మొదటి వాక్యంగానే, బదిలీ చేయవలసింది అతణ్ణని రాయించాను. తన ఫోన్‌లో దాచుకున్న డ్యూటీ చార్టుల ఫోటోలను తేదీల వారీగా ముద్రించి దానికి జతచేశాం.