ఒక్క ఊపిరికి ఎన్ని కమానులు

మా బొమ్మల గుంపులో ‘బాగుంది’ అన్న మాటకు ఐదు రూపాయలు జరిమానా. అనకూడదని కాదు, అని ఊరుకోకూడదని. ఏది కుదిరిందో, ఏది కుదరలేదో చెప్పాలి. చెప్పలేకపోతే హార్లిక్స్ సీసాలో ఐదు రూపాయల బిళ్ళ వేయాలి. ఈ నియమం పెట్టింది రిటైరైన పోస్టుమాస్టరుగారు. రాజమండ్రి దానవాయిపేటలో ఆయన మేడ మీద వరండాలో ప్రతి నెలా రెండో ఆదివారం కలుస్తాం. పదకొండు మందిమి. నెలంతా ఎవరి ఇంట్లో వారు వేసుకున్న బొమ్మలు తెచ్చి, బట్టల క్లిప్పులతో దండేనికి తగిలిస్తాం. నేను లెక్కల టీచరుని. రైల్వేలో వంతెనల పని చూసి రిటైరైన ఒక పెద్దాయన, జాకెట్లు కుట్టే ఒకావిడ, మందుల షాపులో పనిచేసే కుర్రవాడు, మిగతావాళ్ళు ఇళ్ళలో ఉండే ఆడవాళ్ళు. మాలో ఎవరూ ఏ కాలేజీలోనూ బొమ్మలు నేర్చుకోలేదు. సగం మందికి గురువు చందమామ అట్ట మీది వడ్డాది పాపయ్యగారే.

జరిమానా సంగతి ముందు చెప్పకపోతే నా జబ్బు సంగతి సగమే అర్థమవుతుంది. అందుకే దాంతో మొదలుపెట్టాను.

2024 ఆగస్టులో అందరం గోదావరే వేయాలని అనుకున్నాం. వరద నీరు. ఆ ఎరుపు కుదరడం అంత తేలిక కాదు. బర్న్ట్ సియెన్నా ఒక్కటే వేస్తే ఇటుక గోడలా ఉంటుంది, పసుపు కలిపితే పప్పుచారులా ఉంటుంది. నేను ఆర్చి వంతెన పెట్టుకున్నాను. కాగితాన్ని కాస్త ఏటవాలుగా పెట్టి, తడి రంగును పైనుంచి కిందికి లాగుతున్నాను. కుంచె చేతిలోంచి జారింది. తీసి పట్టుకున్నాను, మళ్ళీ జారింది. అప్పటికి రెండు రోజులుగా కాలివేళ్ళలో తిమ్మిరి. ఆ ఉదయం పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో నాకు తెలియలేదు. చెప్పు లేదన్న సంగతి కూడా మా పనిమనిషి చెబితేనే తెలిసింది.

దానికి పది రోజుల ముందు బంధువుల గృహప్రవేశంలో భోంచేసి మూడు రోజులు విరేచనాలతో బాధపడ్డాను. తగ్గిపోయింది కదా అని మరిచిపోయాను. ఆస్పత్రిలోనూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆస్పత్రి పేరు రాయను. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరుకి మా అబ్బాయి వయసు ఉంటుంది. బీపీ చూశాడు, షుగరు చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి. కుర్చీ వెనక్కి వాలి, “ఈ వయసులో ఆడవాళ్ళకు ఇవన్నీ మామూలేనమ్మా. పిల్లలు దూరంగా ఉంటారా? ఒంటరిగా అనిపిస్తోందా? మనసుకు ఏదైనా వ్యాపకం పెట్టుకోండి. బొమ్మలు గిమ్మలు వేసుకోండి” అన్నాడు.

నా గోళ్ళ సందుల్లో ఇంకా ఆ వరద రంగు ఉంది. అతను నా చేతిని పట్టుకుని చూసి ఉంటే కనిపించేది. నా మోకాలి మీద ఒక్కసారి తట్టి చూసి ఉంటే అసలు జబ్బే కనిపించేది. బీ ట్వెల్వ్ సూది రాసి పంపించేశాడు. “డాక్టరు చెప్పాడుగా, ఊరికే కంగారు పడకు” అన్నారు మా వారు. ఈ మాట రాస్తున్నానని ఆయనకు చెప్పాను. రాసుకో అన్నారు.

రెండు రాత్రులు అలా పోయాయి. మూడో రోజు తెల్లవారుజామున బాత్రూములో కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. మా వారూ అబ్బాయీ చెరో రెక్కా పట్టుకుని లేపారు. సాయంత్రానికల్లా విశాఖపట్నం. దారిలో అన్నవరం కొండ కనిపించినప్పుడు దండం పెట్టుకోవాలని చేతులు ఎత్తబోతే భుజాల దాకానే వచ్చాయి.

విశాఖలో చూసిన నరాల డాక్టరమ్మ మాటకారి కాదు. వచ్చింది, కోటు జేబులోంచి రబ్బరు సుత్తి తీసింది. మోకాలి మీద కొట్టింది. కదలలేదు. రెండోది. కదలలేదు. మడమ వెనక, మోచేతి దగ్గర, ఎక్కడా ఏమీ లేదు. గోడకు కొట్టినట్టే. “ఈ మధ్య విరేచనాలు కాని, జ్వరం కాని వచ్చాయా?” అని అడిగింది. అంతే, నాలుగు నిమిషాలు. దాని పేరు గిలాన్ బరే సిండ్రోమ్ అని అప్పుడే విన్నాను. కడుపులోని క్రిమి మీదికి శరీరం పంపిన సైన్యం పొరపాటు పడి సొంత నరాల మీద పడుతుందట. కరెంటు తీగకు పైన ఉండే తొడుగు ఊడిపోయినట్టు. కాళ్ళలో మొదలై పైకి పాకుతుంది. ఎక్కడ ఆగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

వెన్నులోంచి నీరు తీశారు, నరాలకు కరెంటు పెట్టి చూశారు. ఆ వివరాలు ఎవరికీ అక్కర్లేదు. మందు ఇమ్యునోగ్లోబులిన్. కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాములు, ఐదు రోజులు. నేను 60 కిలోలు. రోజుకు 24 గ్రాములు, మొత్తం 120. మంచం మీద పడుకుని ఈ లెక్క నేనే చేశాను. డబ్బు లెక్క మా అబ్బాయి చేశాడు, నాకు చాలాకాలం చెప్పలేదు. ఆ మందును వేలమంది ఇచ్చిన రక్తంలోని ప్లాస్మాను కలిపి తయారు చేస్తారట. అంటే నా ఒంట్లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో! వాళ్ళ ముఖాలు నాకు తెలియవు. దండం పెట్టాలంటే ఎటు తిరిగి పెట్టాలో తెలియదు.

ఇక ఆ రాత్రి.

ఐసీయూలో రెండో రాత్రి. నర్సు ఇరవై రెండేళ్ళ పిల్ల. రెండు గంటలకోసారి వచ్చి, “అమ్మా, గట్టిగా ఊపిరి పీల్చి, మధ్యలో ఆగకుండా ఒకటి, రెండు లెక్కపెట్టండి” అనేది. ఛాతీ కండరాలు ఎంత పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి అది ఒక పద్ధతి. ఒక్క ఊపిరికి ఎంతవరకు లెక్కపెట్టగలమో చూస్తారు. నేను ఊరికే అంకెలు చదవలేక, వంతెన మీద నడవడం మొదలుపెట్టాను. ఆర్చి వంతెనకు 28 కమానులు. రాజమండ్రి ఒడ్డున ఒకటి, కొవ్వూరు ఒడ్డున ఇరవై ఎనిమిది. రాత్రి ఏడింటికి ఇరవై ఏడు దాకా వెళ్ళాను. ఒక్క కమాను దాటితే కొవ్వూరే. నర్సు రాసుకుంది, నేను నవ్వాను.

తొమ్మిదింటికి 23. పదకొండింటికి 19. ఒంటిగంటకు 15.

లెక్కల టీచరుగా పుట్టకూడదు. 27, 23, 19, 15. అంకశ్రేఢి. పదాంతరం మైనస్ నాలుగు. ఎన్ని వందల మంది పదో తరగతి పిల్లల చేత చేయించానో ఈ లెక్క! తరవాతి పదం రాయుము. మూడింటికి 11. ఐదింటికి 7. ఏడింటికి 3. ఆ తరవాత రాయడానికి ఏమీ మిగలదు. గోడ గడియారం ఎదురుగానే ఉంది. తల పక్కకు తిప్పుకుందామన్నా మెడ సరిగా తిరగడం లేదు.

మూడింటికి 11. సరిగ్గా పదకొండే. నడి గోదావరిలో ఆగిపోయాను. ముందు కొవ్వూరు లేదు, వెనక రాజమండ్రి లేదు. ఇంకో అంకె కోసం నోరు తెరిచాను, గాలి రాలేదు. డ్యూటీ డాక్టరు వచ్చి చూశాడు. గొంతులో గొట్టం వేసే సామాను ఆకుపచ్చ గుడ్డ కప్పిన పళ్ళెంలో తెచ్చి పక్కన పెట్టించాడు. “ఇంకొంచెం చూద్దాం” అన్నాడు. బయట వరండాలో మా వారు మార్కండేయస్వామికి మొక్కుకున్నారని తరవాత తెలిసింది. మా గోదావరి గట్టు మీది స్వామి. పదహారేళ్ళ పిల్లవాణ్ణి యముడి పాశం నుంచి తప్పించిన కథ మా ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు. నాకు యాభై నాలుగు. ఆ రాత్రి నేను ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు. మూడింటికీ ఐదింటికీ మధ్య ఆ పళ్ళెం మీది ఆకుపచ్చ గుడ్డనే చూస్తూ ఉన్నాను. అంచు దగ్గర ఒక పోగు ఊడి వేలాడుతోంది. ఆ పోగు ఏసీ గాలికి కదిలినప్పుడల్లా నేనూ ఒక ఊపిరి తీసుకున్నాను.

ఐదింటికి నర్సు వచ్చింది. నా లెక్క ప్రకారం ఏడు. మొదలుపెట్టాను. ఏడు దాటింది. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండు. ఆగింది. మళ్ళీ పదకొండే! పదాంతరం సున్నా. లెక్క తప్పింది. ఆ పిల్ల నా నుదుటి మీద చెయ్యి వేసి “ఆగిందమ్మా, దిగడం ఆగింది” అంది. ఏడింటికి 12. పళ్ళెం మధ్యాహ్నం దాకా పక్కనే ఉంచి తీసుకుపోయారు. ఆ పిల్ల పేరు నాకు తెలుసు, ఆమె ఇబ్బంది పడుతుందని రాయడం లేదు.

ఇరవై ఆరు రోజులకు ఇంటికి వచ్చాను. దసరాకు వాకర్ పట్టుకుని నిలబడ్డాను. చేతులు మాత్రం చివరిదాకా ఏడిపించాయి. చెంచా నిలిచేది కాదు, కుంచె సంగతి చెప్పేదేముంది. ఒకరోజు జాకెట్లు కుట్టే ఆవిడ వచ్చింది. అందరిలా యాపిల్ పళ్ళు తేలేదు. సంచీలోంచి నా ఎనిమిదో నంబరు కుంచె తీసింది. మా వారిని అడిగి ముందే పట్టుకుపోయిందట. కుంచె కాడకు జాకెట్లలో పెట్టే స్పాంజి చుట్టి, పైన మిగిలిపోయిన లైనింగు గుడ్డతో తొడుగు కుట్టింది. చిలకపచ్చ గుడ్డ. కాడ బొటనవేలంత లావు అయింది. “పట్టుకుని చూడండి టీచరుగారూ, జారితే ఇంకో పొర చుడతాను” అంది. జారలేదు. ఆ రోజు కాగితం మీద ఒక అడ్డగీత గీయడానికి నలభై నిమిషాలు పట్టింది. ఫిజియోథెరపీ కుర్రవాడు ఆ కుంచెను చూసి ఫోటో తీసుకున్నాడు.

మొక్కు తీర్చడానికి గట్టు మీదికి వెళ్ళిన రోజున, దామెర్ల రామారావుగారి ఆర్ట్ గ్యాలరీకి కూడా తీసుకెళ్ళమన్నాను. మా గుంపు ఏటా వెళ్ళే చోటే. ఆయన భార్య సత్యవాణిగారు, సోదరి బుచ్చికృష్ణమ్మగారు కూడా బొమ్మలు వేశారు. ఇళ్ళలో బొమ్మలు వేసుకునే మా ఆడవాళ్ళకు అది పెద్ద అండ. ఆయన 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిది నిండలేదు. ఆ అంకె దగ్గర ఆగిపోయాను. మశూచి ఇప్పుడు భూమ్మీదే లేదు, 1980లో ప్రకటించారు. నా జబ్బుకు మందు ఉంది, కొనడానికి కొడుకు ఉన్నాడు. అంతసేపూ ఆ కుర్ర డాక్టరు మీద ఉడికిపోతున్నదాన్ని, అక్కడ కాసేపు చల్లబడ్డాను. గుమ్మం దాటగానే మళ్ళీ మామూలే.

2025 జనవరిలో పుణెలో ఇదే జబ్బు చాలామందికి వచ్చిందని పేపర్లలో రాగానే మా చుట్టాలంతా ఫోన్లు చేశారు. అందరికీ చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. రెండు పాదాల్లోనూ తిమ్మిరి మొదలై, రోజురోజుకూ పైకి పాకుతూ, మెట్లెక్కడం కష్టమైతే అది గ్యాస్ కాదు, దిగులు కాదు. నరాల డాక్టరు ఉన్న చోటికి ఆ రోజే వెళ్ళండి. కొద్దివారాల ముందు విరేచనాలో జ్వరమో వచ్చి ఉంటే అడగకపోయినా చెప్పండి. మోకాలి మీద సుత్తితో కొట్టి చూడమని మీరే అడగండి. నవ్వితే నవ్వనివ్వండి.

ఆ జనవరిలోనే మళ్ళీ గుంపుకి వెళ్ళాను. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి మోశారు. నా వంతెన బొమ్మను దండేనికి తగిలించారు. అందరూ ‘బాగుంది’ అన్నారు. ఒకరి తరవాత ఒకరు. మందుల షాపు కుర్రవాడు కళ్ళు తుడుచుకున్నాడు. పోస్టుమాస్టరుగారు కూడా “చాలా బాగుందమ్మా” అన్నారు. సీసా మూత తీయలేదు.

వాళ్ళు ప్రేమతోనే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. బొమ్మలు గిమ్మలు వేసుకోండి అన్న మాటే తొమ్మిది గొంతుల్లో వినిపించింది. ఇంటికి వచ్చి మా వారి ముందు గొడవ పెట్టుకున్నాను. ఆయన బొమ్మను మళ్ళీ చూసి, “నిజంగానే బాగుంది కదే” అన్నారు.

ఆ నెల రైల్వే పెద్దాయన ఊళ్ళో లేడు. ఫిబ్రవరిలో వచ్చాడు. నేను అదే బొమ్మ మళ్ళీ తగిలించాను, కావాలనే. ఆయన కళ్ళజోడు సవరించుకుని దగ్గరికి వెళ్ళాడు. వేలితో గాలిలో లెక్కపెట్టాడు. రెండుసార్లు. వెనక్కి తిరిగి, “టీచరుగారూ, ఏమీ అనుకోకండి” అన్నాడు.

“అనుకోను. చెప్పండి.”

“28 ఉండాలి. మీరు 19 వేశారు. నది వెడల్పు మాత్రం తగ్గించలేదు. ఒక్కో కమాను 97 మీటర్ల పైచిలుకు ఉంటుంది. మీ లెక్కన 140 దాటుతుంది. నిలబడదండీ, రైలు ఎక్కితే కూలిపోతుంది.”

జాకెట్లు కుట్టే ఆవిడ ఆయన వైపు కొరకొరా చూసింది. నేను పగలబడి నవ్వాను. నవ్వుతో ఊపిరి ఆడక మా వారు మంచినీళ్ళ సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. “పడవ నీడ కూడా సరిగా పడలేదు” అన్నాడు పెద్దాయన, ఇంకొంచెం ధైర్యం వచ్చి.

పోస్టుమాస్టరుగారు లేచి లోపలికి వెళ్ళి హార్లిక్స్ సీసా తెచ్చారు. ముందు తన జేబులోంచి ఒక బిళ్ళ తీసి వేశారు. “జనవరి బకాయిలు” అంటూ సీసాను పక్కవాళ్ళ ముందుకు తోశారు. ఒక్కొక్కటీ టంగుమని పడుతుంటే లెక్కపెట్టాను. తొమ్మిది. సీసా గుమ్మం దగ్గర నిలబడిన మా వారి దాకా వెళ్ళింది. ఆయన నా వైపు చూసి, జేబు తడుముకున్నారు.